వెంకటేశులు యాడిదాకా వచ్చినాడు?

పుంగనూరు బస్టాండు వెనక సందులో, ఎరువుల అంగడి మిద్దె మీద ఆ లోకల్ ఛానల్ ఉండేది. రెండే గదులు. బయటి గదిలో వీసీఆర్, ఒక పాత టీవీ, చిక్కుపడిన కేబుల్ వైర్లు. లోపలి గదిలో పచ్చ దుప్పటి కట్టిన గోడ, దాని ముందు బల్ల, బల్ల మీద కంప్యూటర్. ఆ కంప్యూటర్‌ను ఒక్కసారి కళ్ళారా చూసిపోదామని ఊళ్ళోవాళ్ళు మెట్లెక్కి వచ్చేవారు. ఓనరు రామచంద్ర ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. రానిస్తే గుట్టు రట్టవుతుంది మరి. దాని లోపల ఏమీ లేదు.

2002 నాటి మాట ఇది. వానలు మొహం చాటేశాయి. బోర్లు ఎండిపోయి ఊరికి ట్యాంకరు నీళ్ళే గతి అయ్యాయి. జనానికి చేసేందుకు పని లేదు, చూసేందుకు టీవీ ఒక్కటే ఉంది. పెద్ద ఛానళ్ళలో అత్తాకోడళ్ళు నగలన్నీ దిగేసుకుని ఏడాది పొడుగునా ఒకే హాల్లో నిలబడి ఏడ్చేవారు. ఒకావిడ మేడమెట్ల మీంచి జారితే కింద పడేసరికి వారం పట్టేది. ఇక లోకల్ ఛానల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం గీతలు పడిన పాత సినిమా, సాయంత్రం పుట్టినరోజు శుభాకాంక్షలు. రామచంద్రకే విసుగొచ్చింది. "ఈ గోల నా పెండ్లామే సూడదు, ఊరెట్ల సూస్తాదబ్బా" అనేవాడు.

అప్పుడే ఆయన కన్ను సీరియళ్ళలోని కంప్యూటర్ల మీద పడింది. ఆ కంప్యూటర్లకు తెలియని సంగతి ఉండదు. పోలీసాఫీసరు వచ్చి రెండు చేతులా టకటకా కొడతాడు. పచ్చటి అక్షరాలు ఒక్కొక్కటే టిక్కు టిక్కుమంటూ పడతాయి. కుయ్ కుయ్‌మని చప్పుడు. దొంగ పేరు మూడుసార్లు పలుకుతుంది, మూడోసారికి వాడు ఏ ఊళ్ళో ఏ లాడ్జీలో పడుకున్నాడో ఫొటోతో సహా బయటపెడుతుంది. రామచంద్ర నిజం కంప్యూటర్ ఎలా ఉంటుందో చూద్దామని పనిగట్టుకుని మదనపల్లెకు పోయి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో అరగంట కూర్చున్నాడు. అది ఏమీ మాట్లాడలేదు, మిణుకుమిణుకుమననూ లేదు. అక్కడి కుర్రాడు ఓపిగ్గా ఏవో గడులు నింపుకుంటున్నాడు. "దీన్నెవురు సూస్తారు" అని పెదవి విరిచి, వస్తూ వస్తూ పాత సామాన్ల అంగడిలో ఒక చచ్చిన మానిటర్ కొనుక్కొచ్చాడు.

ఛానల్లో మెకానిక్కు పనంతా చూసే మోసిన్ దాని కడుపులోని సామానంతా పీకేశాడు. లోపల ఒక బల్బు పెట్టి, ముందు అద్దానికి నీలం కాగితం అంటించి, వెనక ఒక సందు కోశాడు. ఆ సందులోంచి నల్ల అక్షరాలు రాసిన బటరు పేపరు దూరిస్తే కంప్యూటర్ జవాబు చెప్పినట్టే ఉంటుంది. కెమెరాలో చూస్తే నిజం కంప్యూటర్ కంటే ఇదే బాగుందని అందరూ ఒప్పుకున్నారు.

ప్రోగ్రాం పేరు 'కంప్యూటర్ జవాబు'. తప్పిపోయినవాళ్ళ ఆచూకీ చెప్పడం దాని పని. ఆ కరువులో బెంగుళూరుకు కూలికి పోయినవాళ్ళు కొందరు తిరిగి రాలేదు, కబురూ లేదు. వాళ్ళ తల్లులు, తోబుట్టువులు ఫొటో పట్టుకుని వచ్చేవారు. యాంకరు మునిలక్ష్మి కీబోర్డు మీద చేతికొచ్చింది కొట్టి, తప్పిపోయిన మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలిచి, "ఇంటికి రా" అనేది. మూడో పిలుపుకు మోసిన్ వెనకనుంచి కాగితం తోసేవాడు. ఎవరడిగినా జవాబు ఒకటే. 'బతికే ఉన్నారు. త్వరలో వస్తారు.' అడిగినవాళ్ళు కళ్ళు తుడుచుకుని, దండం పెట్టి పోయేవారు.

ఇందులో ఒక తప్పు ఉంది. ఆ పక్క పల్లెల్లో పుట్టినవాళ్ళందరికీ తెలిసిన తప్పే. దీపాలు పెట్టే వేళ కనబడని మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలవరు. ఉన్నాడో పోయాడో తెలియనివాణ్ణి అసలే పిలవరు. మునిలక్ష్మి చిన్నప్పుడు, పొద్దుగూకాక తప్పిపోయిన దూడను పేరు పెట్టి పిలిచిందని వాళ్ళ అవ్వ నోటి మీద కొట్టింది. రామచంద్రకూ తెలుసు. కానీ టీవీలో కంప్యూటర్ మూడుసార్లే పలుకుతుంది, ప్రోగ్రాం సాయంత్రం ఆరున్నరకే రావాలి, ఏడైతే జనం పెద్ద ఛానళ్ళకు తిప్పేస్తారు. అలా జరిగిపోయింది.

మునిలక్ష్మికి అబద్ధం చెప్తున్నానన్న బాధ పెద్దగా ఉండేది కాదు. నాలుగు మంచి మాటలే కదా, ఎవరి సొమ్మూ పోలేదు అనుకునేది. ఆమెను కుదిపేసేది ఒక్కటే. ఆమె మొగుడు వెంకటేశులూ తప్పిపోయినవాడే.

వెంకటేశులు లారీ డ్రైవరు. రెండేళ్ళ కిందట మదనపల్లెలో టమాటా ఎత్తుకుని మద్రాసు పోయాడు. సరుకు దించి, తిరుగు లోడు కోసం కుప్పం వైపు పోతున్నానని ఫోన్ చేశాడు. అంతే. మనిషీ లేడు, లారీ లేదు. బండి అమ్ముకుని ఎవర్తెతోనో ఉడాయించాడని లారీ ఓనరు ఊరంతా చాటింపు వేశాడు. మునిలక్ష్మి ఆ మాట నమ్మలేదు. చచ్చిపోయాడనీ నమ్మలేదు. రోజూ బొట్టు పెట్టుకునేటప్పుడు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఉన్నాడో లేడో తేలితే చాలు, తర్వాత ఏడవనైనా ఏడవచ్చు అనుకునేది. అదొక్కటే ఆమె కోరిక.

అత్త రత్నమ్మకు అలాంటి అనుమానాలే లేవు. కొడుకు వస్తాడు. ఎప్పుడన్నదే లెక్క.

"అందరి బిడ్డల్నీ పిలస్తాండావు" అంది ఒక పొద్దున, బియ్యంలో రాళ్ళేరుతూ. "నా కొడుకును యాల పిలవవే?"

"అది టీవీలో సూపించేదానికి అత్తా. దాన్ని నమ్మేదానికి లేదు."

"టీవీలో అబద్ధం సెప్తారా? అంతమంది సూస్తాండారే."

మునిలక్ష్మికి, ఊరికంతా చెప్పగలిగిన అబద్ధం ఈ ముసలామెకు చెప్పాలంటే నోరు రాలేదు. నిజం చెప్పేస్తే రేపటికి ఊరంతా పాకుతుంది, ఉద్యోగం పోతుంది. మాట మార్చి గిన్నెలు కడగడానికి పోయింది.

ఆ బేస్తవారం సాయంత్రం రత్నమ్మ తానే మెట్లెక్కి ఛానల్‌కు వచ్చింది. ఉతికిన కోక కట్టుకుంది. చేతిలో కొడుకు ఫొటో ఉంది. రామచంద్ర ముఖం వెలిగిపోయింది. యాంకరు అత్తే వచ్చి అడగడం! అంతకు మించిన ఎపిసోడ్ ఏముంటుంది? మునిలక్ష్మి తల అడ్డంగా ఊపింది. ఆయన అప్పటికే కెమెరా ఎర్రలైటు వెలిగించాడు.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె మొగుడి పేరు నోటితో పలకలేదు. పేరడిగినప్పుడల్లా పక్కవాళ్ళే చెప్పేవారు. ఇప్పుడు ఊరంతా చూస్తోంది. అత్త చేతులు జోడించి నీలం అద్దంవైపే చూస్తోంది. గదిలో కాలిన బల్బు వాసన.

"వెంకటేశులూ... ఇంటికి రా."

గొంతు తనది కానట్టు వినపడింది.

"వెంకటేశులూ... ఇంటికి రా. వెంకటేశులూ... ఇంటికి రా."

మోసిన్ కాగితం తోశాడు. 'బతికే ఉన్నారు. త్వరలో వస్తారు.' రత్నమ్మ బల్ల మీదికి వంగి ఆ అద్దాన్ని కళ్ళకద్దుకుంది. మునిలక్ష్మి ఆ రాత్రి సరిగా తినలేదు.

మరునాడు పొద్దున పక్కింటామె గోడమీంచి తొంగి చూసి అడిగింది. "ఏం మునీ, నీళ్ళు తగ్గినాయంటే ఏం నీళ్ళు? మీ ఆయన యాడుండాడు?"

"ఏం నీళ్ళక్కా?"

"నిన్న కంప్యూటర్లో వచ్చె గదా."

ప్రతి ఎపిసోడూ మరునాడు పొద్దున మళ్ళీ వేయడానికి టేపు మీద పట్టేవారు. మునిలక్ష్మి చెప్పుల్లేకుండానే ఛానల్‌కు పరిగెత్తి ఆ టేపు వేయించింది. మోసిన్, ఆమె పక్కపక్కనే నిలబడి చూశారు. మూడో పిలుపయింది. నీలం అద్దం మీద మోసిన్ రాసిన నల్లక్షరాలు లేవు. తడి గోడ మీద వేలితో గీసినట్టు వంకరటింకర అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి.

'నీళ్ళు తగ్గినాయి. బయటికి వచ్చినాను.'

"నేను తోసిన కాగితం ఇది కాదక్కా" అన్నాడు మోసిన్. "అల్లా మీద ఒట్టు. నువ్వూ సూసినావు గదా."

చూసింది. గదిలో ఉన్న నలుగురూ చూశారు. గదిలో ఒకటి, టీవీలో ఒకటి. తప్పు పట్టుకోవడానికి ఆ టేపు మళ్ళీ మళ్ళీ వేశారు. ప్రతిసారీ అదే.

శుక్రవారం ఒక టైలరు బెంగుళూరులో తప్పిపోయిన తమ్ముడి కోసం వచ్చాడు. మునిలక్ష్మి ఆ తమ్ముణ్ణి మూడుసార్లు పిలిచింది. గదిలో మామూలు జవాబే పడింది. ఊళ్ళో టీవీల్లో మాత్రం వేరే వచ్చింది. 'వీకోట దాటినాను. కాళ్ళు నొస్తాండాయి.' అడిగింది టైలరు తమ్ముడి కోసమైనా, ఆ మాట వెంకటేశులుదేనని ఊరు తేల్చేసింది.

ఇంకొకరైతే పోలీసులకో పూజారికో చెప్పేవారు. పుంగనూరు జనం అలా చేయలేదు. వాళ్ళకు నచ్చింది. ఇన్నాళ్ళకు ఒక సీరియల్ రోజూ ముందుకు కదులుతోంది మరి. టీకొట్లో, మంగలి అంగట్లో, ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకున్న వరసలో ఒకటే మాట. "వెంకటేశులు యాడిదాకా వచ్చినాడు?" సోమవారానికి పలమనేరు వస్తాడని ఒకరు, బస్సెక్కితే రేపే వచ్చేస్తాడని ఇంకొకరు. ఆరున్నరకు ఊళ్ళో ఏ టీవీ చూసినా అదే నీలం. బట్టల అంగడివాళ్ళు, నగల అంగడివాళ్ళు ప్రకటనల కోసం మెట్ల మీద నిలబడ్డారు.

"ఆపేద్దామన్నా" అంది మునిలక్ష్మి రామచంద్రతో. "నాకు భయంగా ఉండాది."

"మీ ఆయన వస్తాంటే భయమేందమ్మా? మోసిన్‌గాడు ఏదో తెలివి సేసినాడు, సెయ్యనీ. ఇన్నాళ్ళకు జనం మన ఛానల్ సూస్తాండారు."

మోసిన్ ఏ తెలివీ చేయలేదని ఆయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు. ఇంట్లో రత్నమ్మ గోడలకు సున్నం కొట్టించింది. కొడుకు చొక్కాలు ఉతికి ఆరేసింది. కోడలు ఛానల్‌కు పోనని మంచమెక్కితే చెయ్యి పట్టి లేపింది. "నువ్వు పిలవకపోతే వానికి దోవ ఎట్ల తెలుస్తాది?" అంది. ఆ కళ్ళలో ఆశ చూసి మునిలక్ష్మి లేచి పోయింది.

ఆ సాయంత్రం వచ్చింది ఇది. 'పలమనేరులో ఉండాను. నేనొకన్నే గాదు. తోడు దొరికినారు.'

మరునాడు మోసిన్ ఎవరికీ చెప్పకుండా బల్బు పీకేశాడు. కాగితమూ పెట్టలేదు. గదిలో మానిటర్ నల్లగా, గుడ్డిగా ఉండిపోయింది. మునిలక్ష్మి పెదవులు మాత్రం కదిపి, ఎవరి పేరూ పలకకుండా ప్రోగ్రాం ముగించింది. రామచంద్ర మోసిన్‌ను చెంప మీద కొట్టాడు. అప్పుడే కిందనుంచి ఎరువుల అంగడాయన కేకేశాడు.

"గంగవరం దాటేసినాడంట గదప్పా! ఇంగ రేపే!"

రేపు వచ్చింది.

మధ్యాహ్నం, ఎండ మెట్ల మీద భగభగ మండుతుండగా ఒక కానిస్టేబుల్ ఛానల్‌కు వచ్చాడు. కుప్పం నుంచి వచ్చానన్నాడు. వెంకటేశులు భార్య ఎవరని అడిగి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ టోపీ తీయడం చూసే మునిలక్ష్మికి సగం అర్థమైంది.

"కుప్పం పక్కన పాడుబడిన గ్రానైటు క్వారీ ఉండాదమ్మా. ఎప్పుడూ నిండా నీళ్ళే. ఈ ఎండలకు దిగిపోయి లారీ టాపు తేలింది. నంబరు పట్టి ఓనర్ని వెతికేసరికి ఇన్నాళ్ళు పట్టింది. మనిషి క్యాబిన్‌లోనే ఉండాడు. రెండేండ్ల కిందటిదే అంటాండారు డాక్టర్లు." ఒక గుడ్డ మూట విప్పి తాయెత్తు చూపించాడు. ఆ తాయెత్తుకు దారం ఆమే కట్టింది.

ఆమె ఏడవలేదు. "ఆ లారీ కనబడింది ఏ పొద్దు?" అని అడిగింది.

"పోయిన బేస్తవారం. పొద్దుగూకే యాళ."

కానిస్టేబుల్ మెట్లు దిగిపోయాడు. తేలితే చాలనుకుంది, తేలింది. పాపం లారీతోపాటు మునిగిపోయినవాణ్ణి రెండేళ్ళు దొంగ అన్నారు ఊళ్ళో. ఆయన మీద జాలి పొంగుకొచ్చింది. ఆ వెనకే భయం. పోయినవాడు పోయినట్టు ఉండేవాడు... పిలిచింది తను. పేరు పెట్టి పిలిచింది. గంగవరం నుంచి పుంగనూరు ఎంత దూరం?

ఆరున్నరకు ఆమె తనంతట తానే బల్ల ముందు కూర్చుంది. ఏం చేయబోతున్నదో మోసిన్‌కు ఒక్కడికే చెప్పింది. పిలిచిన నోటితోనే పంపించాలి. ఇంట్లో అత్త టీవీ ముందు కూర్చుని ఉంటుంది, వింటుంది, గుండె పగిలి ఏడుస్తుంది. ఏడ్చినా సరే. జన్మంతా తనను తిట్టినా సరే.

ఎర్రలైటు వెలిగింది. ఫ్యాను ఆగిపోయింది. గదిలో ఎక్కడినుంచో పాచినీళ్ళ వాసన... మూతపెట్టిన బావి తెరిచినట్టు.

"వెంకటేశులూ... రావద్దు."

మానిటర్ నీలంగా ఉంది. అక్షరం లేదు.

"వెంకటేశులూ... రావద్దు. నువ్వు పోయినావు. నాకు తెలిసింది."

మోసిన్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"వెంకటేశులూ..." మూడోసారికి ఏడుపు తన్నుకొచ్చింది. ఎన్ని రాత్రులు ఆ అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది తను. "రావద్దు... నీకు దండం పెడతాను. రావద్దు."

నీలం అలాగే ఉంది. పాచి వాసన మెల్లగా పోయింది. ఫ్యాను మళ్ళీ తిరిగింది. రామచంద్ర కెమెరా ఆపి తల గోక్కున్నాడు. మునిలక్ష్మికి ఒళ్ళంతా తేలికైంది. అయిపోయింది. ఇక మిగిలింది అత్తకు నోటితో చెప్పడం, ఆమెను పట్టుకుని ఏడవడం.

ఇంటికి నడిచింది. సందులో ఎవరూ లేరు. వాకిళ్ళ ముందు ఖాళీ డ్రమ్ములు వరసగా బోర్లించి ఉన్నాయి. నాలుగు రోజులుగా ట్యాంకరు రాలేదు. ప్రతి ఇంట్లోనూ టీవీ వెలుగుతోంది, కానీ ఏ ఇంట్లోనూ మాటల చప్పుడు లేదు.

రత్నమ్మ గడపలో నిలబడి ఉంది. ఏడుపు మొహం కాదు. బుగ్గలు నవ్వుతో నిండి ఉన్నాయి.

"బలే పిలిస్తివే తల్లీ" అంది కోడలి గడ్డం పట్టుకుని. "'లోపలికి రా' అని మూడుమార్లు. నాకే కండ్లలో నీళ్ళు తిరిగె."

"నేను... రావద్దన్న్యాను అత్తా."

"ఏమన్న్యావో నేను టీవీలో సూస్తిని గదే."

మునిలక్ష్మి గడప బయటే ఆగిపోయింది. "అత్తా, కుప్పంలో లారీ దొరికింది" అంది. "పోలీసులు వచ్చినారు. ఆయన... నీళ్ళల్లో..."

"తెలుసమ్మా." రత్నమ్మ గొంతు తగ్గించింది. "వాడే సెప్పినాడు. పాపం, రెండేండ్లు అండ్లోనే ఉండాడంట."

లోపల రెండు విస్తర్లు వేసి ఉన్నాయి. అన్నం పొగలు కక్కుతోంది.

"యాడ... యాడుండాడు?"

"పెరట్లో. కాళ్ళు కడుక్కోని వస్తానన్న్యాడు."

పెరటి తలుపు వేసి ఉంది. దాని వెనక డ్రమ్ములో చుక్క నీళ్ళు లేవు, పొద్దున తానే అడుగు గీరింది. అయినా వినపడుతోంది. చెంబు ముంచిన చప్పుడు... నీళ్ళు రాతి మీద పడిన చప్పుడు. ఆగింది. మళ్ళీ చెంబు. తొందర లేకుండా, దూరం నుంచి నడిచి వచ్చినవాడు కడుక్కున్నట్టు.

"పోయి తలుపు తియ్యి" అంది రత్నమ్మ మెల్లగా.

మునిలక్ష్మి కదల్లేదు. వింటోంది. ఎందుకంటే చప్పుడు ఇప్పుడు ఒక్క తమ పెరట్లోంచే రావడం లేదు. తను తమ్ముణ్ణి పిలిచిన టైలరింటి వెనకనుంచీ వస్తోంది. మొగుడి ఫొటో పట్టుకుని ఛానల్‌కు వచ్చిన ఒక పూలమ్మే ఆమె ఇంటి వెనకనుంచీ. ఆ పైసందులో, ఈ కిందిసందులో, తను పేరు పెట్టి పిలిచిన ప్రతి ఇంటి పెరట్లోనూ, నీళ్ళు లేని ఊళ్ళో, ఎవరో కాళ్ళు కడుక్కుంటున్నారు.